సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో నిజంగా చేసిందెంత, గ్రాఫిక్స్ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున కర్నూల్లో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు కంపోజిటింగ్ (విడివిడిగా తీసినవాటిని, కంప్యూటర్ బొమ్మల్ని ఒకే ఫ్రేములో కలపడం) పని చేసి ఊరికి తిరిగొచ్చాను కాబట్టి గ్రాఫిక్స్ గురించి ఏ సందేహమొచ్చినా నన్నే అడుగుతారు. అనంతపురం, కడప నుంచి ఫోన్లూ వస్తాయి. వారం వారం తిరిగి తిరిగి అవే ప్రశ్నలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## సినిమా చూసేటప్పుడు

ప్రాక్టికల్ ఎఫెక్ట్స్ అంటే ఏందన్నా? సెట్టు వేస్తే అది కూడా ఎఫెక్టేనా?

కెమెరా ముందు నిజంగా జరిగిన మాయ ఏదైనా ప్రాక్టికల్ ఎఫెక్టే. మినియేచర్ (అసలుదానికి చిన్న సైజు నమూనా), రబ్బరు తొడుగు వేసుకున్న రాక్షసుడు, మోటార్లతో కదిలే బొమ్మ, తీగ మీద ఎగిరే మనిషి, గిర్రున తిరిగే గది, వాన, పొగ, పేలుడు అన్నీ అందులోకే వస్తాయి. మామూలు ఇంటి సెట్టును ఎఫెక్ట్ అనరు. అదే సెట్టును చక్రంలా తిప్పి, నటుడు గోడల మీద నడుస్తున్నట్టు చూపిస్తే అప్పుడది ఎఫెక్ట్. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం సుమారు 38 అడుగుల వ్యాసమున్న చక్రం కట్టి నిజంగానే తిప్పారు. షూటింగ్ అయ్యాక కంప్యూటర్లో పుట్టించి ఫ్రేములో కలిపేదాన్ని సీజీ అంటాం. మన జనం నోట్లో అదే ‘గ్రాఫిక్స్’.

జురాసిక్ పార్క్ మొత్తం కంప్యూటర్లో చేసిందే కదా?

కాదు. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు సంతోషమే, ఎందుకంటే ఈ చర్చకు కావలసిందంతా ఆ ఒక్క సినిమాలో ఉంది. 1993లో వచ్చిన ఆ సినిమాలో డైనోసార్లు తెర మీద కనిపించేది సుమారు పావుగంట. అందులో కంప్యూటర్ బొమ్మలు సుమారు 6 నిమిషాలే. మిగతావన్నీ స్టాన్ విన్‌స్టన్ బృందం తయారు చేసిన యంత్రపు బొమ్మలు. వానలో కారు మీదికొచ్చే టి-రెక్స్‌ను నిజం సైజులో కట్టారు. దాని ఫోమ్ రబ్బరు చర్మం వాన నీళ్లు పీల్చుకుని బరువెక్కి, యంత్రం గజగజ వణికేది. టేకు టేకుకూ మధ్య దాన్ని తుడిచి ఆరబెట్టాల్సి వచ్చింది.

కారులో గ్లాసు నీళ్లలో గుండ్రంగా అలలు లేచే షాట్ గుర్తుందా? డ్యాష్‌బోర్డు కింద గిటార్ తీగ కట్టి మీటారు, అంతే. ఆ షాట్‌లో డైనోసారే లేదు. అయినా హాల్లో అందరి గుండెలూ దడదడలాడింది అక్కడే. టి-రెక్స్ పరిగెత్తేటప్పుడు, నిండు ఒళ్లు కనిపించేటప్పుడు మాత్రం కంప్యూటర్ వాడారు, అంత బరువున్న యంత్రం పరిగెత్తలేదు కాబట్టి. ఏది ఎవరి వల్ల అవుతుందో ఆ పని వాళ్లకే ఇచ్చారు.

పాత సినిమాలే బాగుండేవి, ఇప్పుడన్నీ వీడియో గేముల మాదిరి ఉన్నాయి అంటారు. నిజమేనా?

సగం నిజం. పాతవాటిలో చెత్త ఎఫెక్టులు బోలెడున్నాయి, వాటిని జనం మర్చిపోయారు. మిగిలినవి మేలైనవి కాబట్టి గొప్పగా కనిపిస్తాయి. ఇప్పటి సినిమాల్లో బాగున్న సీజీ మన కంటికి ఆనదు, బాగాలేనిది ఒక్కటున్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక రెండో సగం. కంప్యూటర్లో కెమెరాను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు, వెలుగు ఎటునుంచైనా పెట్టొచ్చు. ఆ స్వేచ్ఛే చాలా షాట్లను చెడగొడుతోంది. మోయడానికి బరువున్న కెమెరాను ఎక్కడ పెట్టాలా అని పది నిమిషాలు ఆలోచిస్తాం. బరువే లేకపోతే ఆ ఆలోచనా ఉండదు.

‘మేం గ్రాఫిక్సే వాడలేదు’ అని ఇంటర్వ్యూల్లో చెప్తారు. నమ్మొచ్చా?

ఆ మాటను పబ్లిసిటీగానే తీసుకోండి. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో బండ్లు నిజంగా ఢీకొన్నాయి, మనుషులు నిజంగా ఊగే గడల మీద వేలాడారు. కానీ అదే సినిమాలో కంప్యూటర్లో మార్పులు చేసిన (వీఎఫ్ఎక్స్) షాట్లు సుమారు 2000 ఉన్నాయి. తాళ్లు చెరిపారు, ఆకాశాలు మార్చారు, విడివిడిగా తీసినవి కలిపారు. స్టంట్‌మ్యాన్ ప్రాణం పెట్టి చేసింది నిజం, రాత్రుళ్లు కూర్చుని తీగలు చెరిపిన కుర్రాడి కష్టమూ నిజమే. రెండోవాడి పేరు దాచడం నాకు బాధగా ఉంటుంది. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే.

మనవాళ్లకు ఈ విద్యలు ఎప్పటినుంచి తెలుసు?

సినిమా పుట్టకముందు నుంచీ. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు స్టేజీ మీద బాణాలు ఢీకొట్టించారు, మనుషుల్ని గాల్లోకి లేపారు, వాన కురిపించారు. అంతా తాడు, కప్పీ, తెర, దీపం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. వెలుగు దూరేదాకా మేకతోలును పల్చన చేసి, రంగులద్ది, వెనక దీపం పెడితే బొమ్మ ఒళ్లంతా లోపలినుంచి వెలుగుతుంది.

‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి పుట్టింది తాడిపత్రిలో. 1957 నాటి ఆ సినిమాలో ద్వారక ఒక మినియేచర్. పడవ పాటలో మనం మురిసిపోయే వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ పుట్టించినది. కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’లో టైమ్ మెషీన్‌ను తెలుగు ప్రేక్షకులకు చూపించారు. ఆ మెషీన్ కూడా మనుషులు ఎక్కి కూర్చోగలిగేలా కట్టినదే.

## కథ రాసుకునేటప్పుడు

గ్రాఫిక్స్ లేకుండా సైన్స్ ఫిక్షన్ తీయొచ్చా?

నిక్షేపంగా తీయొచ్చు. 2004లో వచ్చిన ‘ప్రైమర్’ టైమ్ మెషీన్ కథ, ఖర్చు 7000 డాలర్లు. మెషీన్ అంటే ఒక పెట్టె, దాని హోరు, మనుషుల మొహాల్లో భయం. మీ కథలోని వింత మనుషుల మాటల్లో, ప్రవర్తనలో కనిపిస్తుంటే రాకెట్ చూపించాల్సిన పనే లేదు.

ఏ షాట్ నిజంగా చేయాలి, ఏది కంప్యూటర్‌కి వదలాలి?

నేను పాటించే పద్ధతి చెప్తాను. నటుడి చెయ్యి తగిలేది, నటుడి మొహం మీద వెలుగు వేసేది, నటుడు చూసి ఉలిక్కిపడేది సెట్‌లో ఉండి తీరాలి. దూరంగా ఉండేది, చెరపాల్సింది, పొడిగించాల్సింది కంప్యూటర్‌కి వదలాలి.

ఉదాహరణకు, మీ హీరోయిన్ చీకట్లో మెరిసే ఒక రాయిని పట్టుకుంటుంది అనుకోండి. రాయిని తర్వాత గ్రాఫిక్స్‌లో పెడదామని ఉత్త చెయ్యి చాపించి తీస్తే, వేళ్లు దేన్నీ పట్టుకోవు, బరువు మణికట్టులో తెలియదు, అరచేతిలోంచి గడ్డం కిందికి పాకాల్సిన నీలం వెలుగు ఉండదు. అదే ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో చిన్న ఎల్ఈడీ పెట్టి చేతికిస్తే ఇవన్నీ ఊరికే వచ్చేస్తాయి. డబ్బా రూపం బాగాలేకపోతే తర్వాత దాని మీద కంప్యూటర్ రాయిని కప్పొచ్చు. డబ్బా వేసిన వెలుగు మాత్రం అట్లే ఉండిపోతుంది.

పెద్ద సినిమాలూ ఇదే చేస్తాయి. ‘ఎక్స్ మెషీనా’లో రోబో మొహం, అరచేతులు నటి అలీసియా వికాండర్‌వే. మిగతా ఒంట్లో చాలా భాగం కంప్యూటర్‌ది. సుమారు కోటిన్నర డాలర్ల ఆ సినిమా, తనకంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టినవాటిని దాటి 2016లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ తీసుకుంది. మన ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి కూడా రోడ్డు మీద నడిచే బండి, సుమారు 6 టన్నులు.

ఓర్వకల్లు రాళ్లను అంగారకుడిగా చూపించొచ్చా?

చూపించొచ్చు, బాగుంటుంది. కానీ మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, పచ్చదనం, నీటి కుంట ఫ్రేములో పడకూడదు, కెమెరా కిందికి దించి పైకి చూపించండి. రెండు, ఆకాశం. అంగారకుడి మీద పగటి ఆకాశం దుమ్ము రంగులో ఉంటుంది, పొద్దు గుంకేటప్పుడు సూర్యుడి చుట్టూ నీలం వస్తుంది. మనకు పూర్తిగా తలకిందులు. ఇది తెలిసి రంగులు మారిస్తే చదువుకున్న ప్రేక్షకుడు కూడా మెచ్చుకుంటాడు. మూడు, నీడలు. అంగారకుడికీ సూర్యుడు ఒక్కడే, ఫిల్ లైట్లు (నీడల్ని పల్చన చేసే అదనపు లైట్లు) నాలుగు వైపులా పెట్టి నీడలు రెండు చేయొద్దు.

డ్రోన్ విషయంలో జాగ్రత్త. కర్నూలు విమానాశ్రయం ఉన్నది ఓర్వకల్లులోనే, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎగరేయొద్దు. రాళ్ల కోసం గండికోటకు వెళ్లాలనుకుంటే, అక్కడి కోట పురావస్తు శాఖ కింద ఉంది, అక్కడ షూటింగ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి.

మినియేచర్ చేయించాలంటే చానా ఖర్చు కదన్నా?

వినాయక చవితి మండపాలకు థర్మకోల్‌తో గోపురాలు కోసే మనుషులు మన ఊళ్లోనే ఉన్నారు. పండగ లేని నెలల్లో వాళ్లకు పని తక్కువ. నేను చూసినంతలో వాళ్ల చేతిలో ఉన్న నేర్పు ఏ సినిమా సెట్టుకూ తీసిపోదు. పీవీసీ పైపు ముక్కలు, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు, పాత రిమోట్లలోని సర్క్యూట్ బోర్డులు అతికించి మీద ఒకే బూడిద రంగు కొట్టండి, అంతరిక్ష కేంద్రం తయారు. 1977లో ‘స్టార్ వార్స్’ ఓడలకు కూడా బజార్లో దొరికే బొమ్మల కిట్లలోని ముక్కలే అతికించారు. చంద్రుడి నేలకు బేతంచెర్ల బండల పాలిషింగ్ పొడి చక్కగా సరిపోతుంది. ముక్కుకు మాస్క్ లేకుండా మాత్రం ఆ పొడి దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దు.

## షూటింగ్ రోజు

మినియేచర్ ఎంత బాగా చేసినా తెర మీద బొమ్మ మాదిరే కనిపిస్తోంది. ఎందుకు?

ఎక్కువసార్లు తప్పు బొమ్మది కాదు, వేగానిది. బొమ్మను చిన్నది చేశాం కానీ భూమి ఆకర్షణను చిన్నది చేయలేం కదా. రెండడుగుల టవర్ పైనుంచి ముక్క రాలితే సెకనులో మూడో వంతుకే నేల తాకుతుంది. యాభై అడుగుల నిజమైన టవర్ నుంచైతే సుమారు ఒకటిముప్పావు సెకను పడుతుంది. ఆ తేడానే మన కన్ను పట్టేసి ‘బొమ్మ’ అంటుంది.

లెక్క సులువే. నిజం సైజులో ఎన్నో వంతు చేశారో ఆ అంకెకు వర్గమూలం తీయండి. అన్ని రెట్లు ఎక్కువ ఫ్రేములతో తీసి, 24 ఫ్రేములతో ఆడించండి. 25వ వంతు బొమ్మ అయితే 5 రెట్లు, అంటే సెకనుకు 120 ఫ్రేములు. వందో వంతైతే 10 రెట్లు, 240 ఫ్రేములు. ఈ రెండూ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నాయి.

బొమ్మ అంచు నుంచి అంచు దాకా ఫోకస్‌లో ఉండాలి, వెనక భాగం మసకబారితే చిన్న వస్తువని తెలిసిపోతుంది. లెన్సు రంధ్రం చిన్నది చేస్తే అంతా ఫోకస్‌లో ఉంటుంది, దానికి వెలుగు బాగా కావాలి. అందుకే ఎండలో తీయండి, మన దగ్గర ఎండకు కొదవా? నీళ్లు, మంట మాత్రం చిన్న సైజుకు లొంగవు. నీటి బొట్టు సైజు ఎక్కడైనా ఒకటే.

గ్రీన్ మ్యాట్ వేసి తీశాం, జుట్టు చుట్టూ పచ్చగా వచ్చింది. ఏం చేయాలి?

గ్రీన్ మ్యాట్ అంటే మనిషి వెనక కట్టే పచ్చ గుడ్డ, తర్వాత కంప్యూటర్లో ఆ పచ్చను తీసేసి వేరే దృశ్యం పెడతాం. మీ షాట్‌లో మ్యాట్ మీద పడిన వెలుగు తిరిగి మనిషి మీద పడింది. మనిషిని మ్యాట్‌కు కనీసం ఎనిమిది పదడుగులు ముందుకు జరపండి. మ్యాట్‌కు, మనిషికి వేరువేరుగా లైట్లు పెట్టండి. మ్యాట్ మీద ముడతలు, నీడలు లేకుండా ఇస్త్రీ చేసి బిగించి కట్టండి. కెమెరా సెన్సర్లలో సగం పిక్సెళ్లు పచ్చకే ఉంటాయి, అందుకే పచ్చ శుభ్రంగా తెగుతుంది. కాకపోతే ఫోన్ వీడియో రంగుల సమాచారాన్ని బాగా కుదించేస్తుంది కాబట్టి, ఫోన్లో ఉన్నంతలో ఎక్కువ బిట్‌రేట్ (సెకనుకు దాచే సమాచారం) పెట్టి తీయండి. పెళ్లి వీడియోగ్రాఫర్ల దగ్గర మ్యాట్ అద్దెకు దొరుకుతుంది.

వ్యోమగామి హెల్మెట్‌కు బైక్ హెల్మెట్ అద్దం పెట్టొచ్చా?

అద్దం పెట్టకండి, ఖాళీగా వదిలేయండి. ఊరికొచ్చిన మొదటి ఏడాది ఓర్వకల్లులో మేం ఈ పొరపాటు చేశాం. అద్దంలో నేను, గొడుగు పట్టుకున్న పిల్లవాడు, వెనక ఆగిన ఆటో అన్నీ వంపుగా కనిపించాయి. పదకొండు సెకన్ల షాట్, 264 ఫ్రేములు. మమ్మల్ని మేం ఒక్కో ఫ్రేములో చెరుపుకునేసరికి మూడు రాత్రులు పట్టింది. ఆ అమ్మాయి మొహం మీద నిజమైన చెమట, భయం ఉన్న టేకు అదొక్కటే, మళ్లీ తీయడానికి లేదు. 2013 నాటి ‘గ్రావిటీ’లో కూడా హెల్మెట్ల అద్దాలు తర్వాత కంప్యూటర్లో పెట్టినవే. మెరుపు, ప్రతిబింబం తర్వాత కలపడం తేలిక. ఉన్నదాన్ని చెరపడమే కష్టం.

స్పేస్‌షిప్ కిటికీలోంచి గ్రహం కనిపించాలి. గ్రీన్ మ్యాట్ తప్ప దారి లేదా?

ఉంది, ఫ్లెక్సీ. గ్రహం బొమ్మను వెనకనుంచి వెలుగు దూరే ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టించి, వెనక ట్యూబ్‌లైట్లు పెట్టి, కిటికీకి ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టండి. కొంచెం మసగ్గా ఉంటేనే దూరంగా ఉన్నట్టుంటుంది. నటుడికి చూడటానికి ఒక గ్రహం దొరుకుతుంది, దాని వెలుగు అతని చెంప మీద పడుతుంది. ‘ఇంటర్‌స్టెల్లార్’లో ఓడ కిటికీల బయట పెద్ద తెరల మీద అంతరిక్షాన్ని ప్రొజెక్ట్ చేశారు. తర్వాత 2019లో ‘ది మాండలోరియన్’ సిరీస్ నాటికి అది ఎల్ఈడీ గోడగా మారింది.

పెన్ను గాల్లో తేలాలి. తీగ కట్టాలా?

అక్కర్లేదు. శుభ్రమైన అద్దం పలకకు డబుల్ టేపుతో పెన్ను అతికించి, పలకను కెమెరా ముందు నెమ్మదిగా తిప్పండి. ‘2001’లో చేసింది ఇదే.

గ్రాఫిక్స్ చేసేవాళ్ల కోసం సెట్‌లో ఏమేం తీసి పెట్టుకోవాలి?

ప్రతి షాట్ అయ్యాక మనుషులు లేకుండా అదే ఫ్రేము ఐదు సెకన్లు తీయండి. ఆ ఖాళీ ప్లేటు లేక నేను పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. తర్వాత నటుడు నిలబడిన చోటే ఒక గుండ్రటి అద్దంలాంటి వస్తువును, ఒక బూడిద రంగు బంతిని ఫోటో తీయాలి. స్టూడియోల్లో క్రోమ్ బాల్ వాడతారు. మీరు బాగా తోమిన స్టీలు చెంబు బోర్లించి పెట్టండి చాలు. చెంబులో సూర్యుడు ఎక్కడున్నాడో, గోడ ఎటుందో, ఆకాశం ఎంతుందో అంతా కనిపిస్తుంది. బంతి మీద నీడ ఎంత ముదురుగా ఉందో తెలుస్తుంది. లెన్సు, కెమెరా ఎత్తు, దూరం నోటుబుక్కులో రాసుకోండి. మొత్తం రెండు నిమిషాల పని.

నిప్పు, పేలుళ్లు నిజంగా చేస్తే బాగుంటాయి కదా?

మీరు చేయొద్దు. టపాసులతో, పెట్రోలుతో ఎవరూ ఆడొద్దు. మంట, పేలుడు కంప్యూటర్‌కో, విడిగా తీసిన స్టాక్ క్లిప్పుకో వదిలేసి, దాని వెలుగు మాత్రం నటుడి మొహం మీద నారింజ లైటు ఊపి తెప్పించండి. పొగ కావాలంటే తలుపులు తెరిచి కాస్త సాంబ్రాణి వేయండి, వెలుగు చారలు అందంగా కనిపిస్తాయి. డ్రై ఐస్‌ను మూసిన గదిలో వాడకూడదు, గాలి చాలక స్పృహ తప్పుతారు.

## సిస్టం ముందు కూర్చున్నాక

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఏదీ కొనొద్దు. బ్లెండర్ ఉచితం, డావిన్చీ రిజాల్వ్‌కు ఉచిత వెర్షన్ ఉంది. 2025లో యానిమేషన్ ఆస్కార్ తీసుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్లోనే చేశారు.

రెండర్ రాత్రంతా పెడితే మధ్యలో కరెంటు పోయి మొత్తం పోయింది. ఎట్ల?

రెండర్ అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును గీసి బయటికివ్వడం. వీడియో ఫైలుగా రెండర్ చేయొద్దు. ఒక్కో ఫ్రేమును ఒక్కో బొమ్మగా సేవ్ చేయండి. కరెంటు వచ్చాక ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పెట్టే ముందు లెక్క వేసుకోండి. పది సెకన్లంటే 240 ఫ్రేములు, ఫ్రేముకు 10 నిమిషాలైతే 40 గంటలు. పెద్దవాళ్లకూ ఇదే బాధ. ‘ఇంటర్‌స్టెల్లార్’ కృష్ణబిలాన్ని శాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాలతో గీస్తే కొన్ని ఫ్రేములకు 100 గంటల దాకా పట్టింది. మే నెలలో సిస్టం వేడెక్కకుండా పక్క మూత తీసి ఫ్యాను పెట్టండి.

సీజీ అతికించినట్టు కనిపిస్తోంది. ఏం తప్పు జరిగిందో ఎట్ల కనుక్కోవాలి?

మొదట రంగు తీసేసి నలుపు తెలుపులో చూడండి. అసలు ఫుటేజీలో అన్నింటికన్నా ముదురు నలుపు ఎంతుందో, మీరు పెట్టిన వస్తువులోనూ అంతే ఉండాలి. దూరంగా ఉన్న వస్తువులో నలుపు కొంచెం తేలిపోవాలి, మధ్యలో దుమ్ము, గాలి ఉన్నాయి కాబట్టి. కొత్తవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తప్పు చేసేది ఇక్కడే. తర్వాత అంచులు చూడండి. కెమెరా అంచు ఎప్పుడూ కాస్త మెత్తగా ఉంటుంది, కంప్యూటర్ అంచు బ్లేడుతో కోసినట్టుంటుంది. ఆ పైన గ్రెయిన్ (ఫుటేజీలో కనిపించే సన్నటి చుక్కలు), కదిలేటప్పుడు వచ్చే మసక కూడా అసలుదానితో సరిపోవాలి. నేల మీద నీడ పడినా, వస్తువు నేలను తాకిన గీత దగ్గర ఇంకో సన్నటి ముదురు నీడ ఉండాలి. అది లేకపోతే వస్తువు తేలుతున్నట్టుంటుంది.

ఏఐతో చేసేస్తే ఇంత తిప్పలెందుకు?

తీగలు చెరపడానికి, మనిషి చుట్టూ మాస్కు (వెనకదాన్నుంచి విడదీసే చుట్టుగీత) గీయడానికి వాడండి, చాలా సమయం మిగులుతుంది. షాట్ మొత్తం దానికే వదిలితే, రెండో షాట్‌లో అదే ఓడ, అదే వెలుగు, అదే మొహం తెప్పించడం కష్టం. సినిమా అంటే పక్కపక్కన నిలబడే షాట్లు కదా.

## పని నేర్చుకుని బయటికి వెళ్లాలంటే

ఉద్యోగం కోసం ఏం చూపించాలి?

మీరు చేసిన షాట్లు వరసగా చూపించే ఒకటిన్నర నిమిషం రీలు చాలు. మంచి షాట్లు నాలుగే ఉంటే నాలుగే పెట్టండి. ప్రతి షాట్‌కు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది చూపించండి, మీరు చేసిన భాగమేదో అక్షరాల్లో రాయండి. మొదటి పని ఎక్కువగా రోటో (ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచులు గీయడం), పెయింట్ (తీగల్లాంటివి చెరపడం)లో దొరుకుతుంది. దాన్ని చిన్నచూపు చూడొద్దు, ఒక మనిషి భుజం ఫ్రేము ఫ్రేముకూ ఎలా కదులుతుందో నాకు నేర్పింది ఆ రోటోనే.

షూటింగ్ అయిపోయాక మినియేచర్‌ను ఏం చేయాలి?

పారేయకముందు మబ్బు పట్టిన రోజు చూసి డాబా మీద పెట్టి, చుట్టూ తిరుగుతూ అరవై డెబ్బై ఫోటోలు తీయండి. ఒక్కో ఫోటో ముందుదానితో సగానికి పైగా కలవాలి. పై నుంచి ఒక చుట్టు, కింద నుంచి ఒక చుట్టు. మెష్‌రూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఆ ఫోటోల నుంచి కంప్యూటర్ మోడల్ తయారవుతుంది, మీ చేతి గీతలు, రంగు పెచ్చులతో సహా. ఎడిటింగ్‌లో ఇంకో కోణం కావాలనిపిస్తే మళ్లీ షూటింగ్ అక్కర్లేదు. అసలు బొమ్మను అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచండి. మా అంగారక కేంద్రం ఇప్పటికి మూడు సినిమాల్లో కనిపించింది, రెండుసార్లు బొమ్మగా, ఒకసారి గ్రాఫిక్స్‌గా.